కింది బెంచి మీద మగపెళ్ళివారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, కార్తీకం వెళ్ళిన వారంలో నేను మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్ళే దారిలోని గని పార్కులో ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజరుగా చేరాను. ఉద్యోగ జీవితంలో అది నా ఆఖరి పోస్టింగు. అంతకుముందు హైదరాబాదు హోటళ్ళలో స్టీవర్డుగా మొదలుపెట్టి, కెప్టెనై, బాంక్వెట్ మేనేజరు దాకా ఎదిగినవాణ్ణి. తెలియనివారి కోసం చెప్తున్నాను. స్టీవర్డు అంటే వడ్డించేవాడు. కెప్టెన్ కొన్ని బల్లలకు బాధ్యుడు. బాంక్వెట్ మేనేజరు అంటే వందలమంది ఒకేసారి కూర్చుని తినే విందును మొదటి గ్లాసు నీళ్ళ నుంచి ఆఖరి తాంబూలం దాకా నడిపించేవాడు. పని తప్ప మిగతావన్నీ చేసేవాడే మేనేజరని మా స్టీవర్డులు చాటుగా అనుకునేవారు. నా చెవులు ఎప్పుడూ బాగానే పనిచేశాయి.

పార్కుకు ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది. ఆర్చి మీద రంగు దీపాలతో రాశారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పేరు పలికినవాణ్ణి నేను చూడలేదు. గని పార్కు అంటేనే ఆటోవాడికి అర్థమయ్యేది. పలకల రాయి తవ్వి వదిలేసిన పెద్ద గుంత అది. మా యజమాని కుటుంబానిది పలకల వ్యాపారం. పిల్లలు పలకలు వదిలేసి ఫోన్లు పట్టుకున్నాక ఆ వ్యాపారం చితికిపోయి, గుంత మాత్రం మిగిలింది. దాని చుట్టూ జెయింట్ వీలు, పిల్లల రైలు, జారుడుబల్లలు పెట్టించాడు. గుంత అడుగున వాననీళ్ళు, ఊటనీళ్ళు చేరి చెరువులా నిలిచి ఉండేవి. చీకటి పడగానే ఆ నీళ్ళ మీద షో. పంపులతో నీళ్ళను పైకి చిమ్మి తెరలా నిలబెట్టి, ఆ తెర మీదా, వెనకాల నల్లటి రాతిగోడ మీదా లేజరు దీపాలతో నల్లమల అడవి కథ చూపించేవారు. పులి ఒకటి గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. మొదటిసారి చూసినవాడెవడూ కుర్చీలో ఆనుకుని కూర్చోలేదు.

షో మొదలైన కొత్తల్లో బజారులో మమ్మల్ని తిట్టనివాడు లేడు. "తాగేదానికి ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టుకోని కూసుంటే, వీళ్ళేందప్పా నీళ్ళను గాల్లోకి ఎగరేస్తండారు!" అనేవారు. ఎగిరిన నీళ్ళు మళ్ళీ గుంతలోనే పడతాయని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. అట్లా తిట్టినవాళ్ళే ఆదివారం సాయంత్రం పెళ్ళాంపిల్లలతో టికెట్ల కిటికీ దగ్గర కనబడేవారు.

నన్ను పెట్టుకున్నది షోతో పాటు భోజనం కలిపి అమ్మడానికి. దీన్ని మా వృత్తిలో డైనింగ్ ప్యాకేజీ అంటారు. తిండి, కూర్చునే చోటు, చూసే దృశ్యం, ఈ మూడూ ఒకే టికెట్టులో. వినడానికి తేలిక. చేయడానికి మాత్రం ఒళ్ళు హూనమవుతుంది. పొగలు కక్కే అన్నం పెట్టాల్సిన సమయానికే పులి వస్తుంది. పులిని చూస్తూ ఎవడూ తినడు, తింటూ ఎవడూ పులిని చూడడు. అందుకే నేను పద్ధతి ఇట్లా పెట్టాను. ముందు కూర్చోబెట్టి ఫలహారం, తర్వాత షో, షో అయ్యాక అదే చోట విస్తరాకులు వేసి పూర్తి భోజనం.

ఇక చూసే చోట్లు. గనిని నిట్టనిలువుగా తవ్వరు. మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగుతారు. ఆ ఒక్కొక్క మెట్టును గనివాళ్ళు బెంచి అంటారు. కూర్చునే బెంచీ కాదు, మనిషెత్తు ఉండే వెడల్పాటి రాతి అరుగు. మా గుంతలో అట్లాంటివి మూడు ఉన్నాయి. పై బెంచి మీద గట్టి గ్యాలరీ కుర్చీలు, ప్లేటు ఫలహారం. నడిమి బెంచి మీద బల్లలు, మామూలు భోజనం. కింది బెంచి నీటి అంచునే ఉంటుంది. అక్కడ మెత్తటి కుర్చీలు, పెద్ద విస్తరి, అన్ని రకాల పిండివంటలు. అన్నిటికంటే ఖరీదైన ప్యాకేజీ అదే. ఎందుకంటే అక్కడ కూర్చుంటే పులికీ మనిషికీ మధ్య నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఈ మూడూ కాక, గుంత గట్టు మీద గడ్డి మైదానం ఉండేది. మామూలు టికెట్టువాళ్ళు అక్కడ చాపలు పరుచుకుని చూసేవారు.

కుర్చీలన్నీ గోడవైపు తిప్పే వేయించేవాణ్ణి. దీని మీద మొదట్లో రోజూ తగాదానే. మనవాళ్ళకు ఎదురుబదురుగా కూర్చుని ఒకరి విస్తరిలోకి ఒకరు చూసుకుంటూ తింటే తప్ప తిన్నట్టు ఉండదు. ఎదురుగా కూర్చున్నవాడు పులికి వీపు పెట్టి డబ్బు దండగ చేసుకుంటాడని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. వడ్డన కూడా వెనకనుంచే. ముందునుంచి వడ్డిస్తే స్టీవర్డు తల పులికి అడ్డం. ఇవన్నీ నేను కచ్చితంగా చూసుకునేవాణ్ణి. ఎక్కడ కూర్చుంటే ఎంత కనబడుతుందో, ఎక్కడ తుంపర పడుతుందో, గాలి ఎటు తిరిగితే ఎవరి అప్పడం మెత్తబడుతుందో నాకు తెలిసినంతగా ఆ పార్కు కట్టినవాడికి కూడా తెలియదని నా నమ్మకం. ఈ నమ్మకమే ఒక సాయంత్రం నా పీకల మీదకు తెచ్చింది.

గిద్దలూరులో బట్టల దుకాణం నడిపే చెన్నకేశవులు ఒకరోజు నా ఆఫీసుకు వచ్చాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే. కూతురు మానసకు కనిగిరి సంబంధం కుదిరేటట్టు ఉందని చెప్పాడు. మానస, ఆ కుర్రాడు ప్రవీణ్, ఒంగోలులో ఒకే కాలేజీలో ఫార్మసీ చదివారు. ఒకరినొకరు ఇష్టపడ్డారు. కులమొకటే అయినా ఇళ్ళల్లో ఒప్పించేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. అందరూ ఒప్పుకున్నా ఆఖరి మాట ప్రవీణ్ తాత మాలకొండయ్యది. కనిగిరిలో కందులు, మిరపకాయల కమీషను దుకాణం ఆయనది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని పేరు. రెండు కుటుంబాలూ ఒకచోట కలిసి, భోంచేసి, ఆయన సరేనంటే అక్కడే తాంబూలాలు మార్చుకోవాలని ఏర్పాటు. హాల్లో పెట్టుకుంటే అందరూ పెట్టుకునేదే కదా, మనవాళ్ళు జన్మలో మరిచిపోకుండా ఉండాలి అన్నది మానస ఆలోచన.

"బాషాన్నా, నీ చేతిలో పెడతాండా," అన్నాడు చెన్నకేశవులు. "కనిగిరోళ్ళు మర్యాదకు ప్రాణమిస్తరు. నీ కాడ ఉండేదాంట్ల అన్నిటికంటే మంచి చోటు వాళ్ళకియ్యి. మాకు యాడైనా సరే."

నేను క్షణం కూడా ఆలోచించలేదు. మగపెళ్ళివారికి కింది బెంచి. ఆడపెళ్ళివారికి దాని వెనకే నడిమి బెంచి. రెండు కుటుంబాలూ కలిసి కూర్చోవడానికి ఏ ఒక్క బెంచీ చాలదు. అతిథికి ఉన్నదాంట్లో మంచిది ఇవ్వాలి. ఇంతకంటే శుద్ధమైన ఏర్పాటు ఏ హోటలు పాఠంలోనూ ఉండదు. ఇప్పటికీ అదే అంటాను. చూపు విషయంలో నా లెక్కలో తప్పు లేదు.

ఆ సాయంత్రం వడ్డనకు ముందు సిబ్బందిని వరసగా నిలబెట్టి చెప్పాల్సినవి చెప్పాను. దీన్ని బ్రీఫింగ్ అంటారు. గోళ్ళు చూస్తాము, చొక్కా బొత్తాలు చూస్తాము, ఎవరికి ఏ వరసో చెప్తాము. శాకాహారం వంటింటికి పెద్ద అయిన రత్నమ్మ నేను మాట్లాడుతున్నంతసేపూ బజ్జీల పిండి కలుపుతూనే ఉంది. ఆమె నా బ్రీఫింగులో ఎప్పుడూ నిలబడలేదు. నేనూ నిలబడమని అడిగే ధైర్యం చేయలేదు.

పొద్దు వాలుతుండగా కనిగిరి బండ్లు వచ్చాయి. మాలకొండయ్య ముందు దిగాడు. పొడుగాటి మనిషి. తెల్ల పంచె, భుజాన జరీ కండువా. చెన్నకేశవులు కుటుంబం అప్పటికే వచ్చి నడిమి బెంచి మీద కుర్చీల దగ్గర నిలబడి ఉంది. దండాలయ్యాయి, పలకరింపులయ్యాయి, పన్నీరు చల్లడం అయింది. నేను ముందు నడిచి, పెద్దాయనకు దారి చూపిస్తూ నడిమి బెంచి దాటి కింది మెట్లవైపు తీసుకెళ్ళాను. ఆయన రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. కిందకు చూశాడు. వెనక్కి తిరిగి పైకి చూశాడు. ఆయన కింద కూర్చుంటే ఆడపెళ్ళివారి కుర్చీల కాళ్ళు సరిగ్గా ఆయన తలపైన ఉంటాయి.

"ఏంది ఇది?" అన్నాడు. "మేము గుంతలో కూసోవాల, వాళ్ళు మా నెత్తిన కాళ్ళు ఆనిచ్చుకోని కూసుంటరా?"

చెప్పులు వేసుకున్న కాళ్ళు పెద్దవాళ్ళ తలకంటే పైన ఉండకూడదని నాకు తెలియదా? మా ఇంట్లో మంచం మీద కాళ్ళు చాపి కూర్చుంటే, కింద చాప మీద కూర్చున్న మా నాన్నమ్మ తలకాయ పగలగొడతానని కేకలేసేది. కానీ ఆ బెంచీలను నేను ఎప్పుడూ చూపు లెక్కతో తప్ప చూడలేదు.

"పెదనాయనా, అన్నిటికంటే బాగా కనపడేది ఈడినుంచే," అని నచ్చజెప్పబోయాను.

"నాకు కనపడేది నాకు కనపడతానే ఉంది," అన్నాడాయన.

సరే, దీనికి మందు తేలికే అనుకున్నాను. మగపెళ్ళివారిని పైకి తెచ్చి నడిమి బెంచి మీద కూర్చోబెట్టి, ఆడపెళ్ళివారిని కిందకు దించాను. చెన్నకేశవులు సంతోషంగా దిగాడు, పాపం. ఆయనకు పాతాళంలో కుర్చీ వేసినా సరేననే స్థితి. మాలకొండయ్య కూర్చున్నాడు. రత్నమ్మ మొదటి వాయి మిరపకాయ బజ్జీలు పంపింది. నేను నుదురు తుడుచుకున్నాను.

అంతలో మాలకొండయ్య అల్లుడు ఫోన్లో మా పార్కు పేజీ తెరిచాడు. అందులో మూడు బెంచీల బొమ్మలు, ఒక్కొక్కదాని ఎదుట ధర అచ్చువేసి ఉన్నాయి. "మామా, కిందిదే అన్నిటికంటే ఖరీదైందంట. ముందు వరస వాళ్ళు పట్టుకోని మనల్ని ఎనక్కి నూకినారు," అన్నాడు. అతను పెద్దగా చెప్పలేదు కానీ, రాతిగోడల మధ్య మాట దాగదు.

మాలకొండయ్య చేతిలోని బజ్జీ ప్లేటులో పెట్టేశాడు. "ఔ గదా! ముందు గుంతలోకి దించజూసినారు. కాదంటే ఇప్పుడు ఎనక్కి తోసినారు. ఇదేనా మీ కర్నూలోళ్ళ మర్యాద?"

కింద నుంచి చెన్నకేశవులు బావమరిది ఊరుకోలేదు. "మర్యాద మేము నెల్లూరోళ్ళ కాడ నేర్చుకోవాల్నా?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రకాశం జిల్లా ఏర్పడకముందు గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. జిల్లా ఒకటై తరాలు గడిచినా పెళ్ళిళ్ళలో మాత్రం పాత సరిహద్దు అట్లాగే ఉంది. మామూలు రోజుల్లో అది వేళాకోళం. ఆ రోజు వేళాకోళం కాలేదు. రెండు బెంచీల మీదా అందరూ లేచారు. అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. మాలకొండయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, బండ్లు తిప్పమని అల్లుడికి చెప్పి, పైకి వెళ్ళే మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

నా వెనక ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. మానస. పట్టుచీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని కింది బెంచి నుంచి పరుగున వచ్చింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఏడుపో కోపమో తెలియడం లేదు.

"పెద్దనాయనా, కుర్చీల కోసం నా పెళ్ళి ఆగిపోతాందా? ఏందన్నా చెయ్యి. తాతకు ప్రవీణ్ ఎదురు చెప్పడు. ఎదురు చెప్పించి చేసుకునేది నాకూ వద్దు. ఈయాల ఆయన బండెక్కినాడంటే మళ్ళా మా గడప తొక్కడు."

ఆ పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు నేను ఎత్తుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. మాలకొండయ్య మీద, ధరలు అచ్చువేసిన మా యజమాని మీద, ఫోను కనిపెట్టినవాడి మీద, అందరి మీదా. అదే సమయానికి యజమాని ఫోను. షో ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదని అరిచాడు. గట్టు మీద మైదానంలో జనం ఈలలు వేస్తున్నారు. పంపులకు ఒత్తిడి ఎక్కించి ఉంచాము, ఇక ఆపలేమని కింది నుంచి షో నడిపే ఆపరేటరు చేతులు ఊపుతున్నాడు. రత్నమ్మ గరిటెతోనే వచ్చేసింది. "బజ్జీలు మెత్తబడతండయ్ సార్. వాళ్ళు కూసుంటరా, పోతరా? ఏదో ఒకటి తేల్చు," అంది.

బాంక్వెట్ పనిలో ఒక చిన్న పద్ధతి ఉంది. ఏ సభలోనైనా ముఖ్య అతిథి అలిగి వెళ్ళిపోయేటట్టు ఉంటే వెంటబడి బతిమాలకూడదు. బతిమాలితే బిగుసుకుంటాడు. మైకులో పేరు చదవాలి. జనం వింటుండగా తన పేరు వినబడ్డ మనిషి ఒక్క క్షణమైనా ఆగుతాడు. ఆ క్షణమే మన చేతిలో ఉండేది. నేను పై బెంచి దగ్గర భద్రతా సూచనలు చదవడానికి పెట్టిన మైకు అందుకున్నాను.

"ఈ రోజు కనిగిరి నుంచి మన పార్కుకు విచ్చేసిన పెద్దలు, శ్రీ మాలకొండయ్య గారు, ఇప్పుడు ప్రదర్శనను ప్రారంభిస్తారు. అందరూ దయచేసి లేచి నిలబడి, వారికి దారి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

ఇది మా వృత్తిలో వందల సార్లు పలికిన వాక్యమే. కానీ ఆయన అప్పటికీ ఆగకుండా వెళ్ళిపోతే, అంత జనం ముందు నా పరువు, చెన్నకేశవులు పరువు రెండూ ఆ గుంతలో కలిసేవి.

మైదానంలో జనానికి షో మొదలైతే చాలు. ఒకటే చప్పట్లు. మాలకొండయ్య పై మెట్టు మీద ఆగాడు. వెనక్కి తిరిగాడు. మూడు బెంచీల మీదా అందరూ లేచి నిలబడి తనవైపే చూస్తున్నారు. ఆయన ముఖంలో కోపం ఇంకా ఉంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నేను దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, "రాండి పెదనాయనా," అన్నాను.

ఆయన కండువా సర్దుకుని దిగసాగాడు. నేను ఒక మెట్టు వెనకే నడిచాను. ముఖ్య అతిథికి పక్కన నడవకూడదు, ముందు అసలే నడవకూడదు. షో నడిపే కేబిను కింది బెంచికి కూడా దిగువన, నీళ్ళను ఆనుకుని ఉంటుంది. అంటే గుంతకంతా అడుగున. ఆయన ఇందాక ఏ మెట్ల మీదైతే దిగనని మొరాయించాడో, వాటి మీదుగానే దిగాడు. దారి పొడవునా ఎవరూ కూర్చుని లేరు. చెన్నకేశవులు, బావమరిదితో సహా, చేతులు జోడించి పక్కకు జరిగారు. ఇందాక మర్యాద పాఠాల గురించి అరిచిన ఆ బావమరిదే మెట్టు మీద తడి ఉందని ముందుగా హెచ్చరించి చెయ్యి ఆసరా ఇచ్చాడు.

బయటివారు కేబినులోకి రాకూడదన్నది రూలని ఆపరేటరు నసిగాడు. ఆ రూలుకు జవాబు నేను చెప్పుకుంటానని అతన్ని పక్కకు జరిపాను.

"ఇదేనా?" అని పచ్చ బొత్తాం చూపించాడు మాలకొండయ్య.

"ఇదే, పెదనాయనా."

"షాకు కొట్టదు గదా?"

కొట్టదన్నాను. అయినా ఆయన కండువా కొస వేలికి చుట్టుకుని మరీ నొక్కాడు.

నీళ్ళు ఒక్కసారిగా లేచాయి. దీపాలు వెలిగాయి. డప్పుల మోత గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తుంపర వచ్చి ముఖం, కళ్ళద్దాలు, జరీ కండువా తడిపేసింది. అప్పుడు పులి వచ్చింది. నల్లరాతి మీద బంగారు రంగులో అడుగు తీసి అడుగు వేస్తూ సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చి తల తిప్పింది.

"ఓరి దీనెమ్మ!" అన్నాడు కనిగిరి పెద్దమనిషి.

కేబిను బయట ఆపరేటరుది పాత ప్లాస్టిక్కు కుర్చీ ఒకటి ఉండేది. నేను చూపించలేదు. ఆయనే లాక్కుని కూర్చున్నాడు. ఆ గుంతలో అందరికంటే కింద, అందరి కాళ్ళకంటే కింద. కళ్ళద్దాలు తుడుచుకుని పైకి తిరిగి కేకేశాడు. "ఆడేం జేస్తండారు? ఈడికి రాండి! పులి మీసాలు గూడ కనపడతండయ్!"

కనిగిరివాళ్ళంతా బిలబిలమంటూ దిగారు. గిద్దలూరువాళ్ళు మాత్రం దిగాలో వద్దో తెలియక నిలబడిపోయారు. అప్పుడు ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు.

"ఓ వియ్యంకుడా! ఆడ నిలబడుకోని ఏం జూస్తవ్? నువ్వు గూడ రా!"

తాంబూలాలు ఇంకా మార్చుకోలేదు. ఆయన నోట ఆ మాట ముందే వచ్చేసింది. చెన్నకేశవులు ఆ మెట్లు ఎట్లా దిగాడో ఆయనకే తెలియదు. మానస తండ్రి వెనకే దిగొచ్చి నా పక్కన నిలబడి, పులినీ నీళ్ళనూ వదిలేసి, ఎదుటి గుంపులో ప్రవీణ్ ముఖమే చూస్తోంది. ఆమె ఏడుస్తోంది, ఈసారి ఎందుకో నాకు స్పష్టంగానే తెలుసు. నేను డ్యూటీలో ఉన్నాను కాబట్టి దగ్గి సరిపెట్టుకున్నాను.

భోజనాలకు సగం మందికి వేసిన కింది బెంచి మీదే అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. నేను వద్దన్నా వినలేదు. ఎదురుబదురుగా కూర్చున్నారు, ఒకరి విస్తరిలోకి ఒకరు చూసుకున్నారు, తినమని ఒకరినొకరు కసురుకున్నారు. రత్నమ్మ మెత్తబడ్డ బజ్జీలన్నీ పక్కన పడేసి కొత్త వాయి దించింది. భక్షాల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి తానే స్వయంగా వచ్చి పోసింది. ఆమె వంటిల్లు వదిలి వడ్డనకు రావడం నేను ఆ ఒక్కసారే చూశాను. చేతులు కడుక్కున్నాక తాంబూలాలు మార్చుకున్నారు. బండెక్కేముందు మాలకొండయ్య నన్ను పిలిచి, "బాషా, ముందే ఇట్ల పిల్చింటే అయిపోయేది గదా. ఊరికె కుర్చీలు అటూ ఇటూ మోయించినావు," అని మందలించాడు. నేను తల ఊపాను. ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు.

మర్నాడు యజమాని ఉత్సాహంగా ఆఫీసుకు వచ్చాడు. బొత్తాం నొక్కడం కూడా ఒక ప్యాకేజీగా పెట్టి దానికి వేరే ధర వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. డబ్బు కట్టి నొక్కితే అది స్విచ్చు వేయడం అవుతుంది తప్ప, గౌరవం ఎట్లా అవుతుందని గట్టిగానే గొడవపడ్డాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి నేను చెప్పినట్టే స్థిరపడింది. ప్రతి రాత్రీ వచ్చినవారిలో అందరికంటే పెద్దవయసు మనిషిని, ఏ టికెట్టు కొన్నారన్నది చూడకుండా, పేరు చదివి కిందకు పిలిచేవాళ్ళం. రాళ్ళు కొట్టి బతికిన ముసలమ్మ నొక్కింది, రిటైరైన తహసీల్దారు నొక్కాడు. వారు దిగుతున్నంతసేపూ మూడు బెంచీలూ లేచి నిలబడేవి. పార్కు పేజీలో ధరలు బెంచీల పక్క నుంచి తీసేయించాను. రెండు కుటుంబాలు కలిసే విందుకు వేర్వేరు బెంచీలు ఇవ్వకూడదని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పాను. చోటు చాలకపోతే ఇరుక్కోనివ్వండి, ఇరుక్కున్నవాళ్ళు అలగరు అని బ్రీఫింగులో చెప్పేవాణ్ణి.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి నేను చెప్పగలిగేది ఇది. చోటు చూపించడం ఒక పని, మనిషిని కూర్చోబెట్టడం ఇంకో పని. మొదటిదానికి కన్నూ, లెక్కా ఉంటే సరిపోతుంది. రెండోదానికి పేరుపెట్టి పిలిచేవాడొకడు ఉండాలి, అతను వస్తుంటే లేచి నిలబడేవాళ్ళు ఉండాలి. అవి ఉంటే మనిషి గుంత అడుగున ప్లాస్టిక్కు కుర్చీలో కూడా సంతోషంగా కూర్చుంటాడు, లేకపోతే సింహాసనం మీద నుంచి కూడా లేచిపోతాడు. హోటళ్ళు నాకు అన్నేళ్ళూ జీతమిచ్చింది మొదటి పనికే.